గొంతు గిన్నె

నేను ఒక పోపుల పెట్టెను. గుండ్రటి స్టీలు ఒళ్లు, లోపల ఏడు చిన్న గిన్నెలు, పైన బిగుతైన మూత. పోపుల పెట్టె అనగానే మీకు ఆవాలు, జీలకర్ర, మెంతులు మనసులో మెదులుతాయి. సహజమే. నా జీవితంలో మొదటి పాతికేళ్లు నేను కూడా నా పని అదేననుకున్నాను. తరవాతి ఇరవై ఏళ్లలో నాలో ఏమేమి చేరాయో, అవి ఎందుకు చేరాయో, వాటివల్ల ఒక పిల్ల గుండెకు ఏమి ముప్పు వచ్చిందో వరుస తప్పకుండా చెబుతాను. వరుస తప్పితే కారణం ఒకచోట, ఫలితం ఇంకొకచోట పడిపోతాయి. అప్పుడు మనుషులు తప్పంతా వాతావరణం మీదికి నెట్టేస్తారు.

నేను చెన్నపట్నం శివారులోని ఒక కర్మాగారంలో పుట్టాను. పుట్టుక గురించి చెప్పుకోదగ్గది ఏమీ లేదు. ఒక రేకును అచ్చులో పెట్టి గట్టిగా నొక్కారు. చెప్పుకోదగ్గది నామకరణం. పెద్దాపురంలో శేషరత్నం గారి పెళ్లికి ఆమె మేనమామ నన్ను కొని, మూత మీద పేర్లు చెక్కించాడు. చెక్కేవాడు దాత పేరుతో మొదలుపెట్టాడు. మేనమామ ఇంటిపేరు, పేరు, హోదా, ఊరు నిండుగా పడ్డాక వరుడికి కొంచెం చోటు మిగిలింది, వధువు పేరు అంచు వెంట వంకరగా పాకింది. మొత్తం మీద చూస్తే ఆ పెళ్లి మేనమామకే జరిగినట్టు ఉంటుంది.

రత్నం గారు బాలికల ఉన్నత పాఠశాలలో కుట్టుపని నేర్పే ఉపాధ్యాయిని. ముప్పై ఏళ్లలో ఆవిడ ఒక్క పీలిక కూడా పారవేయలేదు. జాకెట్టు కుట్టగా మిగిలిన ముక్క గలీబు అంచయ్యేది, గలీబు కుట్టగా మిగిలినది బొంతలో చేరేది. మిగిలినదేదీ వ్యర్థం కాదన్నది ఆవిడ సిద్ధాంతం. గుడ్డల విషయంలో ఆ సిద్ధాంతం నూటికి నూరుపాళ్లు నిజం. ఒక రంగంలో నిజమైన సూత్రాన్ని మరొక రంగంలోకి, దారిలో ఎవరినీ అడగకుండా, తీసుకుపోవడమే మనుషులు చేసే పొరపాట్లలో అతి మర్యాదైనది.

భర్త పట్టాభిరామయ్య గారు మునిసిపల్ ఆఫీసులో గుమాస్తా. పోపు లేనిదే ముద్ద దిగని మనిషి. ఆయన కడుపులో పుండు పడింది. డాక్టరు పోపు మాన్పించి మాత్రలు మొదలుపెట్టాడు. రత్నం గారు ఆవాలను సీసాలోకి మార్చి, నన్ను చింతపండుతో తోమి, మాత్రలను నా గిన్నెల్లో పోశారు. ఇంగువ వాసన మాత్రం చింతపండుకు లొంగలేదు. “మాత్ర వేసుకున్నా పులిహోర తిన్నట్టే ఉంది రత్నం” అని ఆయన మురిసిపోయేవారు. ఆరేళ్ల తరవాత ఆయన గుండెపోటుతో కాలం చేశారు. మాత్రలు మిగిలాయి. వాటిని పారవేయడానికి ఆవిడకు చేతులు రాలేదు. ఇది జాగ్రత్త కాదు, దుఃఖం. కాని చూసేవాళ్లకు జాగ్రత్తలాగే కనిపించింది. కొంతకాలానికి ఆవిడకు కూడా అలాగే కనిపించింది.

ఇక్కడ మా వీధి ఆచారం ఒకటి చెప్పాలి. ఇచ్చిన గిన్నెను మా వీధిలో ఖాళీగా తిరిగి ఇవ్వరు. పెరుగు గిన్నె వెళితే నాలుగు బెండకాయలతో వస్తుంది. ఏమీ లేనివాళ్లు చిటికెడు పంచదారైనా వేసి ఇస్తారు. ఒకనాడు ఎదురింటివారికి జ్వరమొస్తే రత్నం గారు రెండు మాత్రలు నా గిన్నెతో సహా పంపారు. నా గిన్నెలో బెండకాయ పట్టదు. ఎదురింటివారు ఆలోచించి, తమ ఇంట్లో మిగిలిన మూడు గొంతు మాత్రలు వేసి పంపారు. అంతే, దారి తెరుచుకుంది. అటుపైన జ్వరపు మాత్రకు బదులు దురద మాత్ర, దురద మాత్రకు బదులు పోయిన మామగారి నిద్ర మాత్ర రావడం మొదలైంది. నేను ఎంత పంచితే అంత నిండేదాన్ని. పురాణాల్లో అక్షయపాత్రకు ఇంత మర్యాద జరిగిందో లేదో గాని, మా వీధిలో నాకు జరిగింది.

రత్నం గారు వచ్చిన ప్రతి అట్టనూ కుట్టు కత్తెరతో, గళ్లు చెదరకుండా, మాత్రకొక చతురస్రంగా కత్తిరించేవారు. పని చాలా నీటుగా ఉండేది. దాని ఫలితంగా మందు పేరు ఒక చతురస్రం మీద, గడువు తేదీ మరొకదాని మీద పడి, మిగిలినవి తల్లీదండ్రీ ఎవరో తెలియని పిల్లల్లా ఉండేవి. ఆ తరవాత గుర్తు రంగే. చుట్టూ ఆరు గిన్నెలు: జ్వరం, గ్యాసు, కీళ్లు, విరేచనాలు, దురద, ఆరవది ‘తెలియనివి’. ఈ ఆరవ గిన్నెను మిగతావి పని చేయనప్పుడు వాడేవారు. నడుమ ఉన్న ఏడవది గొంతు గిన్నె. వీధిలో దానికే గిరాకీ.

గొంతు గిన్నె నిండడానికి కారణం సులభం. ఎవరికైనా గొంతు పట్టేస్తే వీధి చివర మందుల షాపులో గవర్రాజు, చీటీ అడగకుండానే, ఒక గులాబీ మాత్రల అట్ట ఇచ్చేవాడు. అట్టకు ఐదు. రోజుకొకటి చొప్పున ఐదు రోజులు. రెండో రోజుకు నొప్పి తగ్గేది. తగ్గినాక మందు మింగడం మా వీధివాళ్లకు, కడుపు నిండాక వడ్డించుకోవడంలా, అమర్యాదగా తోచేది. మిగిలిన మూడూ నాలోకి వచ్చేవి. అవి ఇంకొకరికి ఒకటి, మరొకరికి రెండు. రత్నం గారు కూడా గొంతు గరగరమన్నప్పుడల్లా సగం మాత్ర విరిచి వేసుకునేవారు. ఐదుగురు కలిసి చేయవలసిన పనికి ఒక్కొక్కరినే ఒక్కొక్క ఊరికి పంపినట్టుండేది మా వైద్యం.

అందరికీ తగ్గేది కదా అంటారు. తగ్గేది. గొంతు నొప్పుల్లో చాలావరకు జలుబుతో వచ్చేవే. ఆ మాత్రకూ వాటికీ చుట్టరికం లేదు, నాలుగు రోజుల్లో వాటంతట అవే పోతాయి. పోయినప్పుడల్లా పేరు నాకు వచ్చేది. చేయని పనికి ఇరవై ఏళ్లు పొగడ్తలు అందుకున్నాను. వద్దని చెప్పడానికి నాకు నోరు లేదు. ఉన్నా చెప్పేదాన్నని ప్రమాణం చేయలేను.

ఆ మధ్యకాలంలో మా వీధివారి గొంతుల్లో మరొక కథ నడుస్తోంది. స్ట్రెప్టోకాకస్ అని ఒక సూక్ష్మజీవి ఉంది. పూసల దండలా ఒకదాని పక్కన ఒకటి గుచ్చుకుని పెరుగుతుంది. వేల వేల పూసల్లో ఏ ఒక్కటో పుట్టుకతోనే కొంచెం తేడాగా ఉంటుంది. గులాబీ మందు వెళ్లి అతుక్కునే చోటు దాని ఒంట్లో మారిపోయి ఉంటుంది. మాత్ర పడినప్పుడల్లా మామూలు పూసలు చచ్చి, ఆ మొండిపూస మిగిలేది. చుట్టూ చోటు ఖాళీ కాగానే అది తన దండ తాను గుచ్చుకునేది. దగ్గుతో పక్కింటికి, ఎంగిలి గ్లాసుతో ఎదురింటికి వెళ్లేది. అవసరం ఉన్నా లేకున్నా మేము పంచిన ప్రతి మాత్రా మొండిదానికి దారి చదును చేసింది. తప్పంతా నాదేనని చెప్పుకోను. అది కూడా ఒకరకం గొప్పలకు పోవడమే. ఊళ్లో నాలాంటి పెట్టెలు ఇంకా ఉన్నాయి, గవర్రాజులూ ఉన్నారు. నా వంతు మాత్రం నాదే.

రత్నం గారి పెరటి వాటాలో అనంతలక్ష్మి అద్దెకు ఉండేది. భర్త లారీ మీద వెళితే పదేసి రోజులు రాడు. వాళ్ల అమ్మాయి లిఖితకు పదేళ్లు. బడిలో ఖోఖో జట్టులో అందరికన్నా వేగంగా పరుగెత్తే పిల్ల, మాట అంతకన్నా వేగం. ఒక ఉదయం అనంతలక్ష్మి వచ్చింది.

“పిన్నిగారండీ, పిల్ల గొంతు నొప్పని నిన్నట్నుంచి ముద్ద ముట్టట్లేదండి. ఒళ్లు కాలిపోతంది. ఇంట్లో ఒకటే నిశ్శబ్దంగా ఉంది, నాకు భయమేస్తంది.”

“భయమెందుకే, నేను లేనా?” అని రత్నం గారు గొంతు గిన్నె తీశారు. “రెండు చాలు. చిన్నపిల్ల, వేడి చేస్తుంది.”

నాలుగో రోజుకు జ్వరం తగ్గింది. తగ్గవలసిన రోజున తగ్గింది, అంతే. లిఖిత పరుగెత్తుతూ వచ్చి, “అమ్మమ్మగారండీ, మీ మాత్ర సాంబారు వాసనండీ!” అని చెప్పి వెళ్లింది. వీధంతా నన్ను మెచ్చుకుంది. కాని మందుకు లొంగనిది గొంతులోనే కూర్చుని ఉంది. ఆ సూక్ష్మజీవిని చంపడానికి పిల్ల ఒంట్లో తయారైన బలగం, శత్రువెవరో చుట్టమెవరో పోల్చుకోలేక, తన కీళ్ల మీదికీ గుండె మీదికీ తిరిగింది.

మూడు వారాలకు కుడి మోకాలు వాచింది. రత్నం గారు ఎదుగుదల నొప్పి అన్నారు, కీళ్ల గిన్నె తీశారు. రెండు రోజులకు మోకాలు తగ్గి చీలమండ వాచింది. తరవాత మణికట్టు. “ఇదేంటే, నొప్పి కూడా నీలాగే ఒకచోట నిలబడదు” అని ఆవిడ హాస్యమాడారు. మరునాడు లిఖిత నాలుగు మెట్లెక్కి, అయిదో మెట్టు మీద కూర్చుండిపోయి ఆయాసపడింది. ఆరవ గిన్నె మీదికి వెళ్లిన రత్నం గారి చేయి అక్కడే ఆగింది. ఇరవై ఏళ్లలో ఆ చేయి ఆగడం నేను అప్పుడే చూశాను.

“అనంతా, ఆటో పిలువు” అన్నారు. “పెద్దాసుపత్రికి.”

వైద్య కళాశాల ఆసుపత్రిలో పిల్లను చేర్చుకున్నారు. ఇంతవరకు ఏ మందు వేశారని డాక్టర్లు అడిగితే అనంతలక్ష్మి, “గులాబీదండి” అని చెప్పింది. ఏ గులాబీది అంటే, “ఇంగువ వాసనదండి” అంది. దానితో లాభం లేదని రత్నం గారు మరునాడు నన్నే గుడ్డ సంచిలో పెట్టుకుని, బస్సులో ఒళ్లో ఉంచుకుని తీసుకువెళ్లారు. సూక్ష్మజీవుల శాఖలో డాక్టర్ ఖైరున్నీసా గారని, పదవీ విరమణకు ఏడాది ఉన్నావిడ, నా మూత తీసి చాలాసేపు చూశారు.

“ఈ తెల్లవి ఎవరివండీ?”

“మావారివండి.”

“ఆయన వచ్చారా?”

“పోయి పద్నాలుగేళ్లయిందండి.”

“మరి మాత్రలు?”

“అవి ఉన్నాయి కదండీ.”

డాక్టరు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “ఈ గులాబీవి దేనికి?”

“గొంతుకండి.”

“గొంతుకని ఎలా తెలుసు?”

“గొంతు గిన్నెలో ఉన్నాయి కదండీ!”

ఇంత పకడ్బందీ తర్కం విన్నాక ఆవిడ పుల్లకు దూది చుట్టి, లిఖిత గొంతులో తడి తీసినట్టే అనంతలక్ష్మి గొంతులోనూ రత్నం గారి గొంతులోనూ తీశారు. “నాకు గొంతు నొప్పి లేదండి” అని రత్నం గారు అభ్యంతరం చెప్పారు. “లేనివాళ్ల దగ్గరే ఒక్కోసారి ఉంటుందండి” అన్నారు డాక్టరు.

రెండు రోజుల తరవాత ఎర్రటి గాజు పళ్లేలు మూడు బల్ల మీదికి వచ్చాయి. ఒకటి శుభ్రంగా ఉంది, అది అనంతలక్ష్మిది. మిగతా రెండింటిలో సూక్ష్మజీవులు పలుచగా పరుచుకుని ఉన్నాయి. వాటి మీద బొత్తాలంత కాగితపు బిళ్లలు, ఒక్కొక్క బిళ్లకు ఒక్కొక్క మందు. కుట్టు టీచరు కళ్లు కదా, రత్నం గారు ఎవరూ చెప్పకుండానే పట్టేశారు.

“ఈ బిళ్ల చుట్టూ పెద్ద గుండ్రంగా ఖాళీ ఉంది. దీని చుట్టూ నూలుపోగంత కూడా లేదేంటండీ? అంచు దాకా వచ్చేసింది.”

“ఖాళీ ఉన్నచోట క్రిమి చచ్చింది, అది పెన్సిలిన్. ఖాళీ లేనిది మీ గొంతు గిన్నెలోని మందు.”

“ఇది పిల్లదాండి?”

“అది పిల్లది. మీరు చేత్తో పట్టుకున్నది మీది.”

రత్నం గారు పళ్లేన్ని బల్ల మీద పెట్టారు. చాలా మెల్లగా, అది నిండు గిన్నె అయినట్టు పెట్టారు.

“అయితే నా నుంచే దానికి...”

“మీ నుంచి పాపకో, పాప నుంచి మీకో, ఇద్దరికీ వీధిలో ఇంకెవరి నుంచో. ఈ పళ్లెం అది చెప్పదండీ. తెలియనిది తెలుసని నేనూ చెప్పను. మందు పని చెయ్యలేదని మాత్రం చెబుతుంది. మొదటి రోజే సరైన మందు పడి ఉంటే గుండెదాకా వచ్చేది కాదేమో.”

గుండె పరీక్షలో ఒక కవాటం కొంచెం కారుతోందని తేలింది. మళ్లీ ఈ సూక్ష్మజీవి గొంతులో పడకుండా చూసుకుంటే అది మానవచ్చు, పడితే పాడైపోతుంది. మళ్లీ ఖోఖో ఆడుతుందా అంటే డాక్టర్లు, ఆరు నెలల తరవాత చూద్దామన్నారు. చికిత్స పెన్సిలిన్ సూది.

“అదా?” రత్నం గారు నిరాశపడ్డారు. “అది మా నాన్నగారి కాలంనాటిదండి. ఇంకా పవరున్నది రాయండి.”

“ఎనభై ఏళ్లుగా ఈ క్రిమి దీనికి మాత్రం ఎదురు తిరగడం నేర్చుకోలేదండీ. ఎందుకు నేర్చుకోలేదో మాకూ పూర్తిగా తెలియదు. నేర్పకుండా ఉందాం.”

మొదటి సూది లిఖితకు, అదే గదిలో రెండోది రత్నం గారికి. “ఏం కాదే, చీమ కుట్టినట్టుంటుంది” అని పిల్లకు ధైర్యం చెప్పినావిడ, తన వంతు రాగానే వరండా చివర ఉన్న కాపలాదారు కూడా తిరిగి చూసేలా కేక వేశారు. “అంత పెద్ద చీమాండీ?” అంది లిఖిత. పది రోజుల తరవాత ఆ పిల్ల నోటి నుంచి వచ్చిన మొదటి వెటకారం అది. తల్లి నవ్వలేదు.

అనంతలక్ష్మి మూడు రోజులుగా రత్నం గారితో మాట్లాడలేదు. క్యారేజీ తెస్తే తీసుకునేది, కడిగి తిరిగి ఇచ్చేది. నాలుగో రోజు ఆవిడే అడిగారు. “తిట్టవే. తిడితే పడతాను. ఇలా ఉండకు.”

“తిట్టాలనే ఉందండి,” అంది అనంతలక్ష్మి. “కాని మీరిచ్చినప్పుడు ఇదేం మాత్రని అడిగేనా నేను? బియ్యం బదులడిగినట్టు అడిగి పట్టుకెళ్లిపోయేను. పెద్దవాళ్లు కదాని.” కొంగుతో ముఖం తుడుచుకుంది. “ఇరవయ్యొక్క రోజులకోసారంట ఈ సూది. పిల్లకి ఇరవయ్యొక్కేళ్లు నిండేదాకానంట. అది ఏడుస్తంటే నేను చూడలేనండి. మీరే తీసుకెళ్లాలి. ఒక్కటి తప్పినా ఊరుకోను. ఆ ఖాళీలో మళ్లీ వచ్చిందంటే నా పిల్ల గుండె పోద్దండి.”

“తప్పదు” అన్నారు రత్నం గారు.

ఆ మధ్యాహ్నమే ఆవిడ నన్ను డాక్టర్ ఖైరున్నీసా గారి బల్ల మీద పెట్టి, మాత్రలను కాల్చడానికి పంపే పసుపు సంచిలో తానే ఒంపారు. గిన్నె తరవాత గిన్నె. తెల్ల మాత్రల దగ్గర ఆగి, “ఒక్కటి ఉంచుకోవచ్చాండి? మింగను” అని అడిగారు. డాక్టరు గారు తన చేత్తోనే ఒకటి తీసి ఇచ్చారు. రత్నం గారు దాన్ని కొంగున ముడివేసుకున్నారు.

“ఈ పెట్టె నాకిస్తారా? మా విద్యార్థులకు చూపించాలి.”

“మా మేనమామ పేరుందండి దాని మీద.”

“ఉండనివ్వండి. వాళ్లు ఆయన పేరూ చదువుతారు.”

అలా నేను వైద్య కళాశాల ప్రదర్శన గదిలో ఒక గాజు బీరువాలో చేరాను. ఎడమ పక్క సీసాలో ఒక నట్టపురుగు, కుడి పక్క పాత సూక్ష్మదర్శిని. ముగ్గురిలో నా దగ్గరే జనం ఎక్కువసేపు నిలబడతారు. నెలకొక కొత్త బ్యాచి విద్యార్థులు వచ్చి, డాక్టరు గారు ఆరవ గిన్నె సంగతి చెప్పగానే పగలబడి నవ్వుతారు. “మీ ఇంట్లో ఇలాంటి డబ్బా లేనివాళ్లు చెయ్యెత్తండి” అని ఆవిడ అడుగుతారు. ఇంతవరకు ఒక బ్యాచిలోనూ మూడు చేతులకన్నా ఎక్కువ లేవలేదు. ఆ మూడింటిలో ఒకటి హాస్టల్లో ఉండేవాడిది. వాడి డబ్బా మంచం కింద ఉందని పక్కవాడు చెబుతాడు. నేను ఈ సూక్ష్మజీవుల చదువంతా ఈ బీరువాలోనే విని నేర్చుకున్నాను. పరీక్ష పెడితే నట్టపురుగు తప్పుతుంది గాని, నేను తప్పనని నా నమ్మకం.

ఇరవై ఒక్క రోజులకొకసారి రత్నం గారూ లిఖితా వస్తారు. సూది గది మా వరండాలోనే ఉంది. ఒకసారి తుఫానుకు బస్సులు ఆగిపోతే పాల వ్యానులో వచ్చారు. ఒకసారి రత్నం గారికే కాలు బెణికితే, నర్సులు ఆవిణ్ణి రోగి అనుకుని, నడిచొచ్చిన లిఖితను తోడు అనుకున్నారు. వీధిలో ఎవరైనా గొంతు నొప్పని వస్తే ఆవిడ ఇప్పుడు ఉప్పునీళ్లు పుక్కిలించమని, జ్వరం ఉంటే ఆసుపత్రికి పదమని చెబుతున్నారట. “పిసినారి అయిపోయిందండీ అంటన్నారు అందరూ” అని లిఖిత డాక్టరు గారికి ఉత్సాహంగా చాడీ చెప్పింది. కవాటం కారడం తగ్గిందని మొన్నటి పరీక్షలో తేలింది. ఖోఖోకు అనుమతి దొరికింది, జట్టులో మళ్లీ చోటు కూడా. సూదులు మాత్రం ఆగవు.

నిన్న పదిహేడోది. లిఖిత సూది చేయించుకుని, రత్నం గారితో కుంటుతూ మా గదిలో ఉన్న డాక్టరు గారి దగ్గరికి వచ్చి కూర్చుని, లెక్కలు తనకు బాగా వచ్చని చూపించుకోవడానికి కాగితం మీద గుణించింది.

“అమ్మమ్మగారండీ, మొత్తం నూట తొంభయ్యొకటి. పదిహేడు పోతే ఇంకా నూట డెబ్బైనాలుగు. ఆఖరుదానికి మీకు డెబ్బై ఎనిమిదేళ్లు వచ్చేస్తాయండి.”

రత్నం గారు ఆ కాగితం తీసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, లెక్క ఒకసారి సరిచూశారు. తప్పు లేదు. డాక్టరు గారి వైపు తిరిగారు.

“అయితే అప్పటిదాకా నేను ఉండాలన్నమాట. దానికేమైనా మందు ఉందాండి?”

“లేదండీ,” అన్నారు ఖైరున్నీసా గారు.

“పోన్లెండి” అని రత్నం గారు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుని, పిల్ల చేయి పట్టుకుని లేచారు. “మందు లేకుండానే ఉంటాను.”